కన్నౌజ్‌లో రెండు రాత్రులు, చార్మినార్ దగ్గర ఒక పూట: అత్తరు కొనే ప్రయాణం

అత్తరు కోసం బయల్దేరేవాళ్లు పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చేయాలనుకుంటారు. అక్కడే దెబ్బ తింటారు. దుకాణంలో మూత తీయగానే ముక్కుకు తగిలేది పైపై వాసన, కాసేపట్లో ఎగిరిపోతుంది. ఆరేడు గంటల తర్వాత చర్మం మీద ఏం మిగిలిందో అదే అసలు సరుకు. ఎక్కువసేపు నిలవాలన్నా, దాని మీద ఇంకో సెంటు వేసుకోవాలన్నా ఆ మిగిలినదాన్ని చూసే కొనాలి. అందుకే ఉత్తరప్రదేశ్‌లోని అత్తర్ల ఊరు కన్నౌజ్‌లో రెండు రాత్రులు ఉండండి. మొదటిరోజు రాయించుకోవడమే, కొనడం రెండో రోజు.

హైదరాబాద్ నుంచి లక్నోకు విమానం, అక్కడి నుంచి ఆగ్రా ఎక్స్‌ప్రెస్‌వే మీద టాక్సీ. కాన్పూర్ వైపు నుంచైతే దాదాపు 80 కిలోమీటర్లు, రైలూ ఉంది, బస్సులూ ఉన్నాయి. మంచి హోటల్ కావాలంటే లక్నోలోనే. కన్నౌజ్‌లో దొరికేవి మామూలు గదులు. అయినా ఊళ్లోనే ఉండటం మేలు, ఎందుకంటే అత్తరు దించే బట్టీలు తెల్లవారకముందే మొదలవుతాయి. గదిలో రూమ్ ఫ్రెష్‌నర్ కొట్టవద్దని ముందే చెప్పండి, వాసన లేని సబ్బు వెంట తీసుకెళ్లండి. హోటల్ సబ్బు రుద్దుకున్న చేతి మీద పరీక్ష చేస్తే ఏ అత్తరు ఏదో తెలియదు.

గులాబీ చూడాలంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో వెళ్లాలి. డేగ్ అనే పెద్ద రాగి బానలో పూలూ నీళ్లూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీటి తొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే రాగి కూజాలోకి దిగుతుంది. అందులో ముందే గంధపు నూనె ఉంటుంది. పనివాడు నీళ్లలో చెయ్యి పెట్టి భప్కా వేడిని తడిమి చూసుకుంటూ, ఎప్పుడు మార్చాలో నిర్ణయిస్తాడు. చల్లారాక కిందకు దిగిన నీటిని తీసేసి, అదే నూనెను మర్నాడు కొత్త పూలతో మళ్లీ పెడతారు. రోజుల తరబడి ఇలా సాగుతుంది. ఎండిన చెరువు మట్టిని కాల్చి ఇలాగే దించేదే మట్టి అత్తరు. తొలకరి వాసన సీసాలో పట్టినట్టుంటుంది, దానికోసమైనా ఈ ఊరు వెళ్లాల్సిందే. 1991లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సుగంధ పరిశోధన సంస్థ కూడా ఇక్కడే ఉంది. మొగలి అత్తరు కోసమైతే మాత్రం ఇంతదూరం వద్దు. శ్రీకాకుళం దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లాలోనే మొగలిపూలు బట్టీకెక్కుతాయి.

గంధపు నూనె ఖరీదైంది కాబట్టి చవక రకాల్లో దాని బదులు లిక్విడ్ పారఫిన్ అనే వాసన లేని ఖనిజ నూనె వేస్తారు. రెక్టిఫైడ్ స్పిరిట్‌లో, అంటే గాఢమైన ఆల్కహాల్‌లో, రెండు చుక్కల అత్తరు వేసి కలపండి. తెల్లగా మసకబారినా, అడుగున విడిపోయి నిలిచినా పారఫిన్ ఉండే అవకాశం ఎక్కువ. కలిసిపోయినంత మాత్రాన గంధమేనని అనుకోవద్దు, స్పిరిట్‌లో కరిగే ఇతర నూనెలూ కలుపుతారు. కాబట్టి చివరి తీర్పు ఆరు గంటల తర్వాతి చర్మానిదే.

చార్మినార్, పత్తర్‌గట్టీ వీధుల సంగతి వేరు. ఇక్కడ బట్టీలు చూడటానికి రారు, ఎంచుకోవడానికి వస్తారు. ఊద్ (అగరు), కస్తూరి పేరుతో అమ్మేవి, మూలికలూ మసాలాలూ కలిపి దించే షమామా, గులాబీ, అన్నీ ఒకే కౌంటర్ మీద ఉంటాయి, అడిగితే రెండు మూడు కలిపి కూడా ఇస్తారు. రంజాన్ సాయంత్రాలు చూడముచ్చటగా ఉంటాయి గానీ, ఆ రద్దీలో, అన్ని వాసనల మధ్య ముక్కు పనిచేయదు. మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లండి, నాలుగు రకాలకు మించి చూడకండి. ముక్కు మొద్దుబారితే కాఫీ గింజల కన్నా మన సొంత మోచేతి మడతను వాసన చూసుకోవడం నయం.

ఇక ఒకదానిపై ఒకటి వేయడం. స్నానమయ్యాక కొంచెం తడి ఉండగానే వాసన లేని లోషన్ గానీ, బియ్యపుగింజంత వాజలిన్ గానీ పలచగా రాయండి. పొడి చర్మం మీద సెంటు తొందరగా పోతుంది. ఆపైన బరువైన అత్తరు, అంటే గంధం, వట్టివేరు, షమామాలో ఏదో ఒక్కటి, సీసా పుల్లతో ఒకే తాకు, మోచేతి మడతలో, చెవి వెనుక. ఐదు నిమిషాలు ఆగి, తేలికైన స్ప్రే ఒకటో రెండో, జానెడు దూరం నుంచి. మణికట్లు రుద్దుకోవద్దు. ఇక్కడ జరిగే పెద్ద తప్పు రెండు బరువైనవి కలపడం. షమామా మీద ఊద్ వేస్తే రెండూ కలిసి మందు వాసన వస్తుంది. వట్టివేరు మీద నిమ్మజాతి, మట్టి మీద మల్లె, గంధం మీద గులాబీ ఎప్పుడూ కుదురుతాయి. నిమ్మజాతి నూనెలున్నవి ఎండ తగిలే చోట రాయవద్దు, చర్మం మీద మచ్చలు రావచ్చు. షమామా ముదురు రంగు, తెల్ల లాల్చీ మీద పడితే మరక పోదు. పట్టుచీరకు నేరుగా ఏదీ తాకించకుండా, దూది ఉండలో ఒక చుక్క వేసి, కాగితంలో చుట్టి బీరువాలో మడతల పక్కన పెట్టండి.

తెచ్చుకునేటప్పుడు రబ్బరు డ్రాపర్ సీసాలు వద్దు, నూనెకు రబ్బరు ఉబ్బి కారుతుంది. గాజు మూత సీసా అయితే మూత చుట్టూ టేపు బిగించి, జిప్ కవర్‌లో నిలువుగా పెట్టాలి. విదేశీ విమానంలో చేతిసంచిలో ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు, తులం సీసాలకైతే ఆ ఇబ్బందే లేదు. ఇంటికొచ్చాక బాత్రూమ్ అలమారాలో కాదు, వెలుతురూ వేడీ తగలని చోట పెట్టుకోవాలి.