1818 రామ పట్టాభిషేకం అణా అంటూ ఎవరైనా వస్తే పైసలు ఇవ్వకండి

వరంగల్, హనుమకొండ, పరకాల, జనగామ వైపు వాళ్లంతా ఇది చదివి, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా వినిపించండి. ఒకవైపు సీతారామలక్ష్మణులు, ఆంజనేయుడు, ఇంకోవైపు ఈస్ట్ ఇండియా కంపెనీ పేరు, 1818 తేదీ ఉన్న 'అణా' పట్టుకుని కొందరు ఊళ్లలో తిరుగుతున్నారు. మా చిన్నాయన ఏనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన పైసల్లోంచి ముప్పై వేలు వాళ్ల చేతిలో పెట్టాడు. "తాతల నాటి నుంచి మా దేవుడి అర్రలో ఉన్నది కాకా, బిడ్డ పెండ్లి ఉన్నదని అమ్ముతున్న" అన్నాడట అమ్మినతను. ఇప్పుడు ఆ ఫోన్ స్విచాఫ్.

ఆ బిళ్లను నేను వెలుతురులో పట్టి చూశాను. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత ఉంది, అంటే అచ్చులో పోత పోసింది. రాముడి ముఖంలో కన్నూ ముక్కూ తెలియడం లేదు, పక్కనే అంతే ఎత్తున్న అక్షరాలు మాత్రం ఏమాత్రం అరగలేదు. చేతులు మారి అరిగిన నాణెం అలా ఉండదు. పచ్చటి చిలుము తడిగుడ్డతో రుద్దగానే ఊడొచ్చింది.

ఇవన్నీ చూడకపోయినా తేదీ ఒక్కటే చాలు. 1818లో కంపెనీకి దేశమంతటా చెల్లే ఒకే నాణెం లేదు. బెంగాల్, బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీలు ఎవరి నాణేలు వాళ్లు వేసుకునేవారు. కోస్తా సర్కారు జిల్లాల కోసం 1794లో ఇంగ్లండ్‌లోని సోహో టంకశాలలో కొట్టించిన రాగి నాణెం మీద 'నలభై ఎనిమిది ఒక రూపాయికి' అని ఇంగ్లీషులో ఉంటుంది. మద్రాసువి 1803, 1808 తేదీల పది కాసులు, ఇరవై కాసులు. అందరికీ ఒకే లెక్క 1835 చట్టంతో వచ్చింది. అప్పుడు రాగిలో వచ్చినవి అర్ధణా, కాణీ (అంటే పావు అణా), 'పై' (అణాలో పన్నెండో వంతు). వాటి మీద ఉండేది సింహాలున్న కంపెనీ ముద్ర. బ్రిటిష్ ఇండియాలో ఒక అణా బిళ్ల 1907లో గానీ రాలేదు. అది కూడా రాగిది కాదు, నికెల్ కలిసిన తెల్లటి బిళ్ల, అంచు వంకీలు తిరిగి ఉంటుంది.

దేవుడి బొమ్మ ఉన్నవన్నీ నకిలీ అని మాత్రం అనుకోవద్దు. మద్రాసులో కంపెనీ వేసిన వెండి పావు వరహా మీద ఒకవైపు గోపురం, రెండోవైపు విష్ణుమూర్తి, తెలుగు అక్షరాలు కూడా ఉంటాయి. అమ్మేవాళ్లు దీన్నే సాక్ష్యంగా చెప్తారు. కానీ రామ పట్టాభిషేకంతో అణాను కంపెనీ ఏనాడూ వేయలేదు. ఇవి పూజ బిళ్లలు. 1616, 1717 అని తేదీలు వేసినవీ ఈ కోవలోవే.

ఇంకో మాట. మన జిల్లాల్లో రోజూ చెల్లింది నిజాం హాలీ సిక్కా. బ్రిటిష్ వాళ్ల రూపాయి, కల్దార్ అనేవారు, అసలు లేదని కాదు, కానీ పొలం దున్నుతుంటే కుండెడు కంపెనీ నాణేలు బయటపడ్డాయంటే అనుమానించాల్సిందే. నిజంగానే దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి, చాటుగా అమ్మకూడదు.

అసలు దెబ్బ కొన్న తర్వాత మొదలవుతుంది. 'హైదరాబాద్ పార్టీ' అని ఒకతను చిన్నాయనకు ఫోన్ చేసి, కోటి రూపాయలకు కొంటామని, టెస్టింగ్‌కు, రిజర్వ్ బ్యాంక్ సర్టిఫికెట్‌కు ముందు లక్ష కట్టమన్నాడు. మేం అక్కడే ఆపేశాం. పాత నోట్లు, నాణేల అమ్మకాలతో తమకు సంబంధం లేదని, వాటికి ఎలాంటి కమీషన్ వసూలు చేయబోమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఇక ఈ బిళ్ల బియ్యం గింజల్ని తనవైపు లాగుతుందని చూపిస్తే అది మహిమ కాదు, ఇనుపరజను, అయస్కాంతం పని. రాగికి ఆ గుణం లేదు.

ఇష్టంతో కొనేవాళ్లు బంగారం షాపులో తూకం వేయించండి. 1835 కాణీ 6.47 గ్రాములు, అర్ధణా 12.95 గ్రాములు ఉండాలి. అరిగితే కాస్త తగ్గొచ్చు, పెరగదు. మామూలుగా అరిగిన కాణీ వందల్లోనే దొరుకుతుంది, వేలు పెట్టే పని లేదు.

ఇప్పటికే యూపీఐలో పంపినవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చేతికి ఇచ్చినవాళ్లు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి, మేం ఇచ్చాం. బిళ్లను పారేయకండి, కాల్ రికార్డులు, వాట్సాప్ ఫొటోలు తుడిచేయకండి. పోలీసులు ముందు అడిగేవి అవే.