గూటెన్ టాకా, హలోనా? జర్మనీలో ఏ పలకరింపు మేలు?

జర్మనీకి చదువుకో, ఉద్యోగానికో వచ్చే మనవాళ్లు ముందుగా నేర్చుకునేది "గూటెన్ టాక్". తీరా దిగాక చుట్టూ ఎవరి నోట విన్నా "హలో"నే. అంతమాత్రాన నేర్చుకున్నది వృథా కాదు.

బేకరీలో, సూపర్ మార్కెట్ కౌంటర్ దగ్గర, తోటి విద్యార్థులతో "హలో" చాలు, ఎవరూ తప్పు పట్టరు. వీసా పొడిగింపుకో, అద్దె ఇల్లు చూడటానికో, ఇంటర్వ్యూకో వెళ్తే మాత్రం నా ఓటు "గూటెన్ టాక్"కే. పొద్దున పది పదకొండు దాకా "గూటెన్ మోర్గెన్", సాయంత్రం ఆరు దాటాక "గూటెన్ ఆబెంట్". "గూటె నాఖ్ట్" పడుకోబోయే ముందు చెప్పేది. రాత్రి భోజనానికి పిలిస్తే గుమ్మంలో ఆ మాట అనకండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది పేరు దగ్గర. మనం పేరుకు "గారు" చేర్చి "మీరు" అంటాం. అక్కడ "మీరు" స్థానంలో ఉండే "జీ" వాడితే మామూలుగా ఇంటిపేరుతోనే పిలవాలి: "గూటెన్ టాక్, ఫ్రౌ ష్మిట్". మగవారికైతే "హెర్". చనువుగా "డూ", అంటే "నువ్వు", అనుకుందామా అని అడగాల్సింది వయసులోనో హోదాలోనో పెద్దవాళ్లు. అప్పటిదాకా ఆగడమే మర్యాద. చాలా ఐటీ ఆఫీసుల్లో మొదటి రోజు నుంచే "డూ" నడుస్తుంది, అక్కడ హలో హాయిగా సరిపోతుంది.

ఊరు మారితే మాటా మారుతుంది. మ్యూనిక్‌లో "గ్రూస్ గాట్" వినిపిస్తుంది. అందులో దేవుడున్నా, నమ్మకంతో పనిలేకుండా చాలామంది అంటారు. "సెర్వుస్" స్నేహితుల మధ్యే బాగుంటుంది. హాంబర్గ్‌లో పొద్దునైనా రాత్రైనా "మొయిన్". నాకు వీటన్నిటిలో మొయిన్ అంటేనే ఇష్టం, బస్సు డ్రైవర్‌కీ పొరుగింటావిడకీ అదే మాట. కొత్త ఊళ్లో ఏదనాలో తోచకపోతే గూటెన్ టాక్ ఎక్కడైనా చెల్లుతుంది.

డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లోకి వెళ్లి మౌనంగా కూర్చుంటే బాగుండదు. ముక్కూమొహం తెలియకపోయినా, గదిలో ఉన్న అందరికీ కలిపి ఒకసారి "గూటెన్ టాక్" అనాలి. లోపలికి పిలిచాక డాక్టర్ చెయ్యి చాపితే కళ్లలోకి చూస్తూ చెయ్యి కలపండి. మనకు వినయంగా తల దించుకోవడం అలవాటు, వాళ్లకది ముభావంగా కనిపించవచ్చు.

ఫోన్‌లోనూ ఉత్త హలో కన్నా ముందు మన ఇంటిపేరు, వెంటనే గూటెన్ టాక్ చెప్పడం మేలు. పెట్టేసే ముందు "ఔఫ్ వీడర్‌హోరెన్". ఎదురుగా ఉన్నవాళ్లకైతే "ఔఫ్ వీడర్‌జేయెన్", చనువుంటే "చూస్".