మెడలో ష్వానోమా: తీయించేయాలా, చూస్తూ ఉండాలా?

కేన్సర్ కాదని తేలింది కదా, ఇంకా ఆ గడ్డని మెడలో పెట్టుకుని ఎందుకు తిరుగుతున్నావ్, తీయించేయొచ్చుగా అని ఇప్పటికి ఎంతమంది అడిగారో లెక్కలేదు. అందరికీ కలిపి ఇక్కడే రాసేస్తున్నా. ష్వానోమా అంటే నరం చుట్టూ ఉండే పొరలో పుట్టే గడ్డ.

మొదట నీడిల్ టెస్ట్‌లో సరిపడా కణాలు రాలేదన్నారు, ష్వానోమాల్లో ఇది మామూలేనట గానీ అది తెలీక వారం రోజులు నిద్ర లేదు, కోర్ బయాప్సీ (కాస్త లావు సూదితో చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) రిపోర్ట్ వచ్చాకే ఊపిరి పీల్చుకున్నా. (స్కాన్ లేకుండా మాత్రం సూది గుచ్చించుకోకండి, అది కెరోటిడ్ బాడీ ట్యూమర్ (మెడలోని పెద్ద ధమని దగ్గర పుట్టే, రక్తనాళాలు ఎక్కువగా ఉండే గడ్డ) అయితే రక్తం బాగా పోయే ప్రమాదం ఉంది.)

ఆపరేషన్‌తో లాభం ఏంటంటే గడ్డ పోతుంది, మొత్తం గడ్డని ల్యాబ్‌లో చూస్తారు కాబట్టి అనుమానమూ పోతుంది. కానీ నా లెక్కలో అసలు ప్రశ్న అది ఏ నరం మీద పుట్టిందన్నదే. వేగస్ నరం (మెదడు నుంచి మెడ మీదుగా గొంతుకీ కిందకీ వెళ్ళేది) అయితే గొంతు బొంగురుపోవచ్చు, నీళ్ళు తాగినా పొరమారొచ్చు. సింపథెటిక్ నరం (కంటిపాప, చెమట లాంటివి మన ప్రమేయం లేకుండా నడిపేది) అయితే ఆ వైపు కనురెప్ప వాలిపోయి, కంటిపాప చిన్నదై, ముఖానికి చెమట పట్టడం ఆగిపోవచ్చు. చేతికి వెళ్ళే నరాలైతే చెయ్యి బలహీనపడొచ్చు. పైపొర చీల్చి లోపలి గడ్డ వరకే తీస్తే నరం మిగిలే అవకాశం ఎక్కువే, అయినా గ్యారంటీ ఎవరూ ఇవ్వరు. నాది వేగస్, ఎలా తెలిసిందంటే: డాక్టర్ రెండు వేళ్ళతో పట్టుకుంటే పక్కలకి కదిలింది గానీ పైకీ కిందకీ కదల్లేదు, కాస్త నొక్కగానే పొడి దగ్గు తన్నుకొచ్చింది. ఎమ్మారైలో చూస్తే కెరోటిడ్ ధమనికీ జుగులర్ సిరకీ మధ్య దూరి రెండిటినీ చెరో పక్కకి నెట్టేసింది.

చూస్తూ ఉండటంలో కష్టం స్కాన్ ముందు రోజు గుండెదడ, అంతే. ఇవి సాధారణంగా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి, కేన్సర్‌గా మారడం చాలా అరుదు. రోజంతా మాట్లాడే ఉద్యోగం నాది, నొప్పి లేని గడ్డ కోసం గొంతు పణంగా పెట్టలేను. అదే గబగబా పెరిగినా, నొప్పి పుట్టినా, గొంతు మారినా, మింగడం కష్టమైనా, రిపోర్ట్ మీద అనుమానం ఉన్నా మాత్రం ఆగకూడదు, నేనూ ఆగను.

రేడియేషన్ అంటారా, మెడలో వీటికి చాలా అరుదుగా వాడతారు. మందులతో కరగదు.

తీయించుకుందాం అనుకునేవాళ్ళు సర్జన్‌ని ముందే అడగండి, ఇది ఏ నరానిది, పొర చీల్చి తీస్తారా, నరంతో సహా కోసేస్తారా అని.