మందు ముడిసరుకుకు ఏది మేలు: చెట్టా, రసాయనశాలా, ఈస్టా?

మొక్క నుంచి తీసిన మందు మంచిదా, ఫ్యాక్టరీలో తయారైనది మంచిదా అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. అణువు ఒకటే, శుద్ధి ఒకటే అయినప్పుడు శరీరానికి ఆ తేడా తెలియదు. అందుకే నేను ఈ ప్రశ్నను మరోలా వేసుకుంటాను: వచ్చే ఏడాది రోగులు రెట్టింపైతే మందు కూడా రెట్టింపు కాగలదా? నన్నడిగితే తేల్చవలసింది ఇదొక్కటే.

క్యాన్సర్ మందు పాక్లిటాక్సెల్‌నే చూడండి. 1962లో సేకరించిన పసిఫిక్ యూ చెట్టు బెరడులో దాని జాడ దొరికింది. 1971లో మన్రో వాల్, మన్‌సుఖ్ వాణీల బృందం అణు నిర్మాణాన్ని ప్రకటించింది. బెరడు బరువులో మందు పదివేల వంతుల్లో ఒకటో రెండో. చుట్టూ బెరడు ఒలిస్తే చెట్టు చచ్చిపోతుంది. అదేమో ఎంతో నిదానంగా పెరిగే చెట్టు. ఒక ప్రాణం నిలపడానికి అడవిని ఒలుచుకుంటూ పోవడం ఎన్నాళ్లు సాగుతుంది?

పూర్తిగా రసాయనశాలలోనే తయారు చేయవచ్చని 1994లో రెండు బృందాలు చేసి చూపాయి. అద్భుతమైన పని. కానీ దాదాపు నలభై మెట్లు. ఒక్కో మెట్టులో పదో వంతే పోతుందనుకున్నా, నలభై దాటేసరికి నూటికి ఒకటిన్నర పాళ్లు కూడా మిగలవు. దారి చూపింది ఆకు. ఐరోపా యూ చెట్టు ఆకుల్లో ఈ అణువుకు కావలసిన చట్రం దాదాపు సిద్ధంగా ఉంటుంది. దానికి పక్క గొలుసును, అంటే పక్కన వేలాడే చిన్న భాగాన్ని, అతికిస్తే చాలు. ఆకు కోసినా చెట్టు మళ్లీ చిగురిస్తుంది. కష్టమైన సగం ప్రకృతికి, మిగతా సగం రసాయనశాస్త్రానికి వదిలేసే ఈ పద్ధతంటే నాకు గౌరవం.

ఆస్పిరిన్, పారాసిటమాల్ వంటి చిన్న అణువుల విషయంలో చర్చే అక్కర్లేదు, రసాయనశాలే మేలు.

అవసరాన్ని బట్టి పెంచుకోగల తయారీ వైపే నా మొగ్గు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ దగ్గర అది పరీక్షకు నిలబడాలి. ఇది మాచిపత్రి, దవనం జాతికి చెందిన మొక్క ఆకుల మీది సన్నని గ్రంథుల్లో ఉంటుంది. ఆకును మరిగిస్తే పాడవుతుందని గ్రహించిన చైనా శాస్త్రవేత్త తు యుయు, 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో దాన్ని బయటికి తీశారు. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. చిక్కల్లా పొలంలో ఉంది. ధర బాగుంటే అందరూ వేస్తారు, పడిపోతే మానేస్తారు. మలేరియా మాత్రం కోత కాలం కోసం ఆగదు. అందుకే అమెరికా శాస్త్రవేత్త జే కీస్లింగ్ బృందం రొట్టె పిండిని పులియబెట్టే ఈస్ట్‌లో జన్యువులు చేర్చి, ట్యాంకుల్లో పెంచి, ఆర్టెమిసినిన్‌కు ముందు మెట్టయిన ఆర్టెమిసినిక్ ఆమ్లాన్ని చేయించింది. చివరి మార్పు రసాయనశాలలో జరుగుతుంది. 2013లో మందుల కంపెనీ సనోఫీ దీన్ని పెద్ద ఎత్తున తయారు చేసింది కూడా. అయితే పంట ధర ఈస్ట్ తయారీ ఖర్చు కంటే కిందికి దిగడంతో ఈస్ట్ నిలదొక్కుకోలేకపోయింది. ఇది నా వాదనకు ఎదురుదెబ్బే, ఒప్పుకుంటాను. అయినా పంట దెబ్బతిన్న ఏడాది కోసమైనా ఆ ట్యాంకులు సిద్ధంగా ఉండాలనే అంటాను.

ఎందుకంటే ఇన్సులిన్ విషయంలో ఆ మేలు కళ్లారా చూశాం. ఒకప్పుడు పందుల, పశువుల క్లోమాల నుంచి తీసేవారు. 1978లో బ్యాక్టీరియాతో మానవ ఇన్సులిన్‌ను చేయించారు, 1982లో అది మందుగా ఆమోదం పొందింది. అప్పటి నుంచి ఇన్సులిన్ కబేళా మీద ఆధారపడవలసిన పని తప్పింది.

హెపారిన్‌కు ఆ రోజు ఇంకా రాలేదు. డయాలసిస్ గొట్టాల్లో రక్తం గడ్డకట్టకుండా చూసే ఈ మందును ఇప్పటికీ ప్రధానంగా పంది పేగుల లోపలి పొర నుంచే తీస్తున్నారు. 2008లో అందులో మరో పదార్థం కలిసింది. అప్పటి మామూలు పరీక్షలు దాన్ని పట్టుకోలేకపోయాయి. రోగులు చనిపోయారు.