ఆయిల్ కలర్ అని నీళ్ల రంగు అంటగట్టాడు: బేకింగ్ సామాను కొనేవాళ్లు జాగ్రత్త!

కోపం చల్లారాక తీరిగ్గా రాద్దామనుకున్నా. అది చల్లారేలా లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. క్రిస్మస్ ఆర్డర్లకి సామాను ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్లు ఇది చదివాకే డబ్బులు కొట్టండి. ఆ సామాను అమ్మినాయన పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. గుంటూరు, విజయవాడ హోమ్ బేకర్లలో చాలామంది ఫోన్లలో ఆయన నంబరు ఉంటుంది. పొద్దున లేచింది మొదలు "డియర్ బేకర్స్" అంటూ స్టేటస్‌లు పెడతాడే, ఆయనే.

మా చర్చిలో సెమీ క్రిస్మస్. సండేస్కూల్ పిల్లలకి ఎప్పుడూ ఇచ్చే ప్లమ్ కేకు ముక్క కాకుండా ఈసారి కేక్ బాల్స్ చేసిస్తానని పాస్టరమ్మగారికి నేనే మాటిచ్చా. కేకు పొడిని ఉండలు చుట్టి చాక్లెట్‌లో ముంచి పుల్లకి గుచ్చినవి, సగం ఎర్రవి, సగం ఆకుపచ్చవి, పైన సన్నగా తెల్ల చాక్లెట్ గీతలు. మొత్తం నూట యాభై. వైట్ కాంపౌండ్ (ముంచడానికి వాడే తెల్ల చాక్లెట్ లాంటిది), ఎరుపు, ఆకుపచ్చ ఆయిల్ కలర్లు, పుల్లలు అన్నీ ఆయన దగ్గరే ఆర్డరు పెట్టా. రెండు వేల పైనే అయింది.

ఆర్డరు పెట్టేటప్పుడే టైపు చేసి మరీ అడిగా: "చాక్లెట్‌లో కలపడానికండీ, ఆయిల్ బేస్డే కదా?" అని. "వంద శాతం ఆయిల్ మేడమ్, కళ్లు మూసుకుని వాడండి" అన్నాడు. ఆయన చెప్పినట్టే చేశా, కళ్లు మూసుకునే డబ్బులు పంపా.

కొత్తవాళ్ల కోసం చెబుతున్నా, ఇది ఎందుకంత ముఖ్యమో. కాంపౌండ్‌లో కోకో బటర్ బదులు వేరే వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది. అందుకే టెంపరింగ్ (చాక్లెట్‌ని లెక్కగా వేడిచేసి చల్లార్చడం) గొడవ లేకుండా కరిగించి ముంచేయొచ్చు. కానీ అందులో నాలుగు చుక్కల నీళ్లు పడ్డాయా, కొవ్వులో తేలుతున్న పంచదార, పాలపొడి ఆ తడికి ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి. కేకు మీద పూసే బటర్‌క్రీమ్‌కి వాడే జెల్ రంగుల్లో నీళ్లుంటాయి కాబట్టి వాటిని చాక్లెట్‌లో వెయ్యకూడదు. ఆయిల్ కలరో, కొవ్వులో కలిసే పొడి రంగో వాడాలి. బేకింగ్ సామాను వ్యాపారంలో ఉన్నవాడికి ఇది తెలియదంటే నేను నమ్మను.

సరే, రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టా. కేకు పొడి చేసి, కాస్త బటర్‌క్రీమ్ వేసి కలిపి, ఉండలు చుట్టి ఫ్రిజ్‌లో పెట్టా. గిన్నె మీద గిన్నె పెట్టి చాక్లెట్ కరిగించా. నున్నగా, చెంచాలోంచి రిబ్బన్‌లా జారుతోంది. ఎరుపు చుక్కలు వేసి తిప్పా. రంగు కలవలేదు. చారలు చారలుగా విడిపోయింది, ఆ వెంటనే మొత్తం ముద్దకట్టింది. స్పాచ్యులా గుచ్చితే నిటారుగా నిలబడింది. కింద గిన్నెలోంచి ఆవిరి తగిలిందేమో అనుకుని, ఇంకాస్త చాక్లెట్‌ని తడి లేని గిన్నెలో వేసి, మైక్రోవేవ్‌లో కొద్దికొద్దిగా కరిగించి మళ్లీ కలిపా. మళ్లీ అదే ముద్ద.

అప్పుడు సీసా వైపు చూశా. ఆయన అంటించిన "ఆయిల్ కలర్ రెడ్" స్టిక్కర్ అంచు కాస్త లేచి ఉంది. వేడినీళ్లలో ఓ పక్క తడిపి గోరుతో లాగితే మొత్తం ఊడొచ్చింది. కింద ఇంకో లేబుల్! కంపెనీది. జెల్ కలర్ అని పెద్దక్షరాలతో ఉంది. ఇంగ్రీడియెంట్లలో మొట్టమొదటి పేరే నీళ్లు. తేదీ ఉండాల్సిన చోట బ్లేడుతో గీకేసిన గీతలు. అంటే పొరపాటున ఒకటికొకటి మారిపోయి రాలేదు. ఒకడు కూర్చుని, తేదీ గీకి, స్టిక్కర్ ప్రింటు తీయించి, దాని మీద శుభ్రంగా అంటించాడు. ఎంత ఓపికో!

రెండు లేబుళ్లకీ ఫొటోలు తీసి పంపా. నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి వాయిస్ నోట్ వచ్చింది. విన్నది విన్నట్టు రాస్తున్నా: "మేడమ్, మీరు కొత్తగా నేర్చుకుంటున్నట్టున్నారు. చాక్లెట్ కరిగించడం అందరికీ రాదు. పెద్ద పెద్ద బేకరీలవాళ్లు వాడుతున్నారు, ఎవరికీ రాని ప్రాబ్లమ్ మీకొక్కరికే వచ్చిందా? యూట్యూబ్‌లో వీడియోలుంటాయి, చూసుకోండి." వెనకాల ఎవరో నవ్వుతున్నారు. స్టిక్కర్ సంగతి అడిగితే దానికి జవాబు లేదు. "ఓపెన్ చేసిన ఐటమ్ రిటర్న్ లేదు" అని ఒక మెసేజ్, ఆ తర్వాత బ్లాక్. మూత తియ్యకుండా రంగు ఎలా కలుపుతారో ఆ వీడియో లింకు కూడా పంపాల్సింది.

ఇంతటితో అయిపోతే ఈ పోస్టు ఇంత పొడుగు ఉండేది కాదు. మర్నాడు పొద్దున్నే మా తోడికోడలు ఫోను. "అక్కా, నీ కేక్ బాల్స్ ఆయన స్టేటస్‌లో పెట్టాడు, ఎంత బాగున్నాయో!" అంది. స్క్రీన్‌షాట్ పంపించమన్నా. మా బాబు పుట్టినరోజుకి చేసినవి, అప్పుడు నేనే మురిసిపోయి పంపిన ఫొటో. పళ్లెం అంచున మా అత్తగారి పేరు చెక్కించినది కూడా కనబడుతోంది. కింద ఏం రాశాడో తెలుసా? "మా ఆయిల్ కలర్స్‌తో మన కస్టమర్ చేసిన కేక్ బాల్స్. థాంక్యూ మేడమ్!" అని. అవి డార్క్ చాక్లెట్‌లో ముంచినవండీ! రంగు చుక్క వెయ్యలేదు. పైన చల్లిన స్ప్రింకిల్స్ తప్ప అందులో రంగే లేదు. రాత్రి చాక్లెట్ కరిగించడం రాని దాన్ని, తెల్లారేసరికి ఆయన సరుకుకి మోడల్‌ని అయిపోయా. ఆ మేడమ్‌ని బ్లాక్ చేసి మరీ థాంక్యూ చెప్పాడు.

కాంపౌండ్ కూడా గొప్పగా ఏం లేదు. జిప్ కవర్లో పోసి మార్కర్‌తో "వైట్" అని రాసిచ్చాడు. కంపెనీ పేరు లేదు, తేదీ లేదు, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు లేదు.

పిల్లలకి ఏం పెట్టావని అడుగుతారేమో. మిగిలిన చాక్లెట్ చాలక, వీధి చివరి కిరాణా కొట్టులో లేబులున్న వైట్ చాక్లెట్ బార్లు ఎన్ని ఉంటే అన్నీ తెచ్చి, తెల్లగానే ముంచి, తడి ఆరకముందే ఎర్రవీ పచ్చవీ టూటీ ఫ్రూటీలు అతికించా. బార్లకి ఎమ్మార్పీ పెట్టి కొనేసరికి ఆయన బిల్లుకి రెట్టింపైంది. బిగుసుకుపోయిన ఎర్ర ముద్దలో వేడి పాలు పోస్తే గనాష్‌లా (క్రీమ్ కలిపిన మెత్తటి చాక్లెట్‌లా) వదులైంది గానీ, అది గట్టి పొరగా ఆరదు కదా, ముంచడానికి పనికిరాలేదు. తేదీ గీకేసిన రంగు కడుపులోకి ఎందుకని పారేశా.

జాగ్రత్తలంటారా, పెద్దగా ఏం లేవు. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే వాడకముందే పీకి చూడండి. పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, తేదీ లేని విడి కవర్లు తీసుకోవద్దు. రంగు ఏదైనా ముందు ఒక్క చెంచాడు కరిగిన చాక్లెట్‌లో వేసి చూడండి, గట్టిపడితే ఆ చెంచాతోనే పోతుంది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. నేను 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టా. ఆకుపచ్చ సీసా మూత తియ్యకుండా, స్టిక్కర్ పీకకుండా అలాగే ఉంచా. ఆయన దగ్గర ఆయిల్ కలర్లు కొన్నవాళ్లు మీ సీసా స్టిక్కర్ కింద ఏముందో చూసి ఫొటో పెట్టండి, నా ఫిర్యాదుకి జతచేస్తా.