మూడు ప్రశ్నల పద్ధతి: నాలుగేళ్ల వాడకం తర్వాత

రెండు సంగతులు కలిసి జరిగాయని చూపించి, ఒకదాని వల్లే మరొకటి జరిగిందని తేల్చేసే వాదనలు తార్కిక పరీక్షల్లో తరచుగా వస్తాయి. వాటిని పట్టుకోవడానికి నేను నాలుగేళ్లుగా ఒకే పద్ధతిని వాడుతున్నాను. మొదటి రెండేళ్లు బ్యాంకు పరీక్షలకు చదువుకుంటూ వాడాను. ఆ తరువాత నుంచి పాలకొల్లులో సాయంత్రం పూట మన లా యూనివర్సిటీల ప్రవేశపరీక్ష క్లాట్‌కు సిద్ధమయ్యే పిల్లలకు చెబుతూ వాడుతున్నాను. అది ఎక్కడ నిలబడిందో, ఎక్కడ చేయిచ్చిందో కొత్తగా మొదలుపెట్టేవారికి తెలియాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

పద్ధతి చిన్నదే. వాదన చదవగానే మూడు ప్రశ్నలు వరసగా వేసుకోవాలి. ఫలితమని చెబుతున్నదే అసలు కారణమై ఉండవచ్చా? రెండింటికీ మూలమైన మూడో సంగతి ఏదైనా ఉందా? ఏ సంబంధమూ లేకుండా ఒకే సమయంలో జరిగాయా? ఈ చివరిదానికి మన భాషలో ఎప్పటినుంచో మాట ఉంది: కాకి వాలిన క్షణానే తాటిపండు రాలితే అది కాకతాళీయం. చేలగట్ల మీద తాటిచెట్లు చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ మాటను ఒకసారి విడమరిచి చెబితే చాలు, మళ్లీ చెప్పవలసిన పని ఉండదు. కష్టమంతా మొదటి రెండు ప్రశ్నలతోనే.

తరగతి కోసం నేను తయారుచేసిన ప్రశ్న ఒకటి ఇది: ‘ఒక ఊరిలో కొంగలూ కాకులూ ఎక్కువగా వాలిన రొయ్యల చెరువుల్లోనే ఆ వారం రొయ్య ఎక్కువగా చనిపోయింది. కాబట్టి పక్షులను తరిమేస్తే చావులు ఆగుతాయి.’ ఈ వాదనను బలహీనపరిచే సంగతి ఏమిటని అడిగితే, ఎక్కువమంది నీరు, మేత, సీడ్ (చెరువులో వదిలే రొయ్య పిల్లలు) అంటూ మూడో కారణం కోసం వెతికారు. భీమవరం దగ్గర చెరువులున్న ఇంటి నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం, “పక్షులొచ్చి రొయ్య చావలేదండి మాస్టారూ, రొయ్య నీరసపడి పైకి తేలితేనే పక్షులొస్తాయండి. తెల్లారగట్ల గట్టు మీద కొంగలు కనబడితే మా నాన్నగారు ముందు ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూస్తారండి” అంది. ఏరియేటర్లంటే నీటిలో గాలి కలిపే యంత్రాలు. రాత్రి వెలుతురు ఉండదు కనుక నీటిలోని నాచు ప్రాణవాయువును తయారుచేయదు, చెరువులో ఉన్న ప్రాణులన్నీ ఉన్నదాన్ని వాడుకుంటూనే ఉంటాయి. అందువల్ల తెల్లవారే ముందు అది బాగా తగ్గిపోతుంది, ముందు రోజు మబ్బు పట్టి ఉంటే మరింత తగ్గుతుంది. కారణం, ఫలితం తారుమారు కావడాన్ని నేను బల్ల గుద్ది చెప్పినా ఎక్కనంతగా ఆ మాటతో అందరికీ ఎక్కింది.

అయితే ఆ అమ్మాయే కాసేపాగి, వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వచ్చిన చెరువులోని రొయ్యను కాకి ఎత్తుకెళ్లి పక్క చెరువులో పడేస్తే జబ్బు అంటుకుంటుందనే భయంతోనే తాము పైన వలలు కడతామని కూడా చెప్పింది. అంటే సంబంధం రెండు దిక్కులా నడవవచ్చు. ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోవాలి: బలహీనపరచమని అడిగిన ప్రశ్నకు సరైన జవాబు వాదనను పడగొట్టనక్కర లేదు, దాని మీద ఉన్న నమ్మకాన్ని తగ్గిస్తే చాలు. ‘ఇది పూర్తిగా తప్పని తేలలేదు కదా’ అని మంచి జవాబును వదిలేసి మార్కు పోగొట్టుకున్నవారిని నేను చాలామందిని చూశాను.

ఈ నాలుగేళ్లలో నాకు అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడింది ఆ మూడు ప్రశ్నలు కావు, వాటికి ముందు చేసే ఒక చిన్న పని. క్లాట్ ఇంగ్లీషులోనే ఉంటుంది గాని మా పిల్లలు అర్థం చేసుకునేది తెలుగులో, తెలుగులో కారణం తెలియకుండానే దూరిపోతుంది. ‘వానలతో ధరలు పెరిగాయి’ అన్నప్పుడు ‘తో’ అనేది తోడును చెబుతోందా, కారణాన్ని చెబుతోందా? ‘మందు కొట్టాక దోమ (వరికి పట్టే పురుగు) తగ్గింది’ అన్న మాటలో ఉన్నది ముందు వెనకల వరస మాత్రమే, కాని వరి రైతు ఇంట పుట్టిన చెవికి ‘మందు వల్ల తగ్గింది’ అనే వినబడుతుంది. అందుకని ప్రతి వాదనలోనూ కలిపే మాట కింద గీత గీసి, దాని స్థానంలో ‘వల్ల’ పెట్టి చదవమంటాను. ఆధారంగా ఇచ్చిన వాక్యంలో ‘వల్ల’ ఇమడక, ముగింపు వాక్యంలో ఇమిడితే, వాదన గెంతిన చోటు అక్కడే దొరుకుతుంది. ఇంగ్లీషులో ‘అసోసియేటెడ్ విత్’ అని మొదలై ‘లీడ్స్ టు’ అని ముగిసే పేరాలన్నీ ఈ ఒక్క గీతకు దొరికిపోతాయి.

ఇక చేయిచ్చిన చోట్లు. బ్యాంకు పరీక్షల్లో రెండు వాక్యాలిచ్చి మొదటిది కారణమా, రెండోది కారణమా, రెండూ వేర్వేరు కారణాలా, వేర్వేరు కారణాల ఫలితాలా, ఒకే కారణపు ఫలితాలా అని అడిగే రకం ఉంది. ఎగువన భారీ వర్షాలు, ధవళేశ్వరం దగ్గర పెరిగిన నీటిమట్టం అని ఇస్తే మొదటిది కారణం, రెండోది దాని ఫలితం అనే మామూలు జవాబే సరైనది. ఈ పద్ధతి బాగా ఒంటబట్టిన రోజుల్లో నేను అలాంటి చోట కూడా మూడో కారణాన్ని ఊహించి, ఒకే కారణపు ఫలితాలని గుర్తుపెట్టి తప్పులు చేశాను. అనుమానం అలవాటైతే నిజమైన కారణం కూడా కనబడదు.

దీనికి గొప్ప ఉదాహరణ గణాంకశాస్త్రంలోనే ఉంది. పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని బ్రిటిష్ పరిశోధకులు డాల్, హిల్ 1950లో చూపినప్పుడు, ఆ శాస్త్రానికే పునాదులు వేసినవారిలో ఒకరైన ఫిషర్, రెండింటికీ మూలం పుట్టుకతో వచ్చిన గుణం కావచ్చునని 1958లో వాదించారు. ఆయన వేసింది సరిగ్గా మన రెండో ప్రశ్నే. కాని ఎక్కువ తాగేవారికి ముప్పు ఎక్కువగా ఉండటం, మానేసినవారికి తగ్గుతూ రావడం వంటి ఆధారాల ముందు ఆ అనుమానం నిలవలేదు. ప్రశ్న వేయగలగడం వేరు, ఆ ప్రశ్నకు వాదనలో చోటుందో లేదో చూడటం వేరు.

సాధనకు నాకు నచ్చినవి అమెరికా లా కాలేజీల ప్రవేశపరీక్ష ఎల్‌శాట్ పాత ప్రశ్నలు. తప్పు జవాబులను కూడా అంత శ్రద్ధగా రాసినవి మరెక్కడా చూడలేదు. క్లాట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు, తప్పుకు పావు మార్కు కోత. కాబట్టి గీత గీయడం ఇంట్లో నెలల తరబడి చేసి, పరీక్షలో కంటితోనే గీయగలిగేదాకా రావాలి. ఈ ఏడాది నుంచి పిల్లల నోటుపుస్తకాల్లో మూడు ప్రశ్నలకు గీసుకునే మూడు గడుల పక్కన నాలుగోది గీయిస్తున్నాను. అందులో ‘ఈ అనుమానానికి పేరాలోనే జవాబు చెప్పేశారా?’ అని ఉంటుంది. ‘రెండు చెరువుల్లోనూ నీరు, మేత, సీడ్ ఒకటే’ అని పేరాలో ఉన్నా గమనించకుండా నీటినే కారణంగా పట్టుకునేవారు, ఆ గడి నింపడానికి పేరాను మళ్లీ ఒకసారి చదువుతున్నారు.