400 చాలా, 600 కావాలా: పక్షులకూ పులులకూ ఏ లెన్సు మేలు?

కెమెరా కొనడానికి వెళ్ళినవాళ్ళలో చాలామంది నోట మొదట వచ్చే ప్రశ్న "ఇది ఎన్ని ఎక్స్ జూమ్?" అడవి జంతువులనో పక్షులనో తీయాలనుకునేవారికి ఇంతకన్నా పనికిరాని ప్రశ్న లేదు. జూమ్ లెన్సు పేరులో మిల్లీమీటర్లలో రాసే రెండు అంకెల్లో చివరిదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చేదే ఎక్స్. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే 18-55 లెన్సు దాదాపు మూడు ఎక్స్. సోనీ వారి 200-600 కూడా మూడు ఎక్సే. మొదటిదానితో పెళ్ళి పందిట్లో బంధువులందరినీ ఒక ఫొటోలో పట్టించవచ్చు. రెండోదానితో చెరువు అవతలి గట్టున నిలబడ్డ కొంగ కంటి రంగు చూడవచ్చు. ఇక పది లక్షలు దాటే 600 ఎఫ్/4 లెన్సుకు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు) జూమే ఉండదు. ఎక్స్ లెక్కన అది ఒకటి దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి ఆ లెక్కను దుకాణంలోనే వదిలేసి మిల్లీమీటర్ల సంగతి చూద్దాం.

ఆ మిల్లీమీటర్ల అంకె పేరే ఫోకల్ లెంగ్త్. అది పెరిగేకొద్దీ లెన్సు చూసే కోణం తగ్గుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో (బొమ్మ పడే సెన్సర్ పాత ఫిల్ము ముక్కంత ఉండేది) 50 మిల్లీమీటర్ల లెన్సు మూల నుంచి మూలకు సుమారు 47 డిగ్రీలు చూస్తే, 400 లెన్సు ఆరు డిగ్రీలు, 600 లెన్సు నాలుగు డిగ్రీలు చూస్తాయి. డిగ్రీలు చెబితే మనసుకు ఎక్కవు గనుక పాలపిట్టతో లెక్క వేద్దాం. తల నుంచి తోక దాకా దాని పొడవు 30 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. కరెంటు తీగ మీద 20 మీటర్ల దూరంలో కూర్చుంది. పిట్ట పొడవును ఫోకల్ లెంగ్త్‌తో గుణించి దూరంతో భాగిస్తే, సెన్సర్ మీద దాని బొమ్మ ఎంత పడుతుందో తెలుస్తుంది. 300 లెన్సుకు 4.5 మిల్లీమీటర్లు, 400కు 6, 600కు 9. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 24 మిల్లీమీటర్లు. అంటే 400తో పాలపిట్ట చట్రంలో నాలుగో వంతు, 600తో మూడో వంతు కన్నా కొంచెం ఎక్కువ. దూరం సగమైతే ఇవన్నీ రెట్టింపు. లెన్సు కొనే ముందు ఈ గుణకారం ఒక్కటి కాగితం మీద వేసుకుంటే సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి.

అదే పాలపిట్టను ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ ఉన్న కెమెరాతో తీస్తే? ఆ సెన్సర్ ఎత్తు సుమారు 16 మిల్లీమీటర్లే. 400తో పడిన ఆరు మిల్లీమీటర్ల బొమ్మ అందులో మూడో వంతు పైచిలుకు ఆక్రమిస్తుంది. అంటే ఫుల్‌ఫ్రేమ్ మీద 600 ఇచ్చిన దృశ్యం ఇక్కడ 400తోనే వచ్చింది. నికాన్, సోనీల్లో 1.5, కెనాన్‌లో 1.6 అని చెప్పే గుణకం ఇదే. దీన్ని పట్టుకుని "600 లెన్సు ఈ కెమెరాకు పెడితే 900 అవుతుంది" అని ఊరించేవాళ్ళుంటారు. లెన్సు ఏమీ మారదు, అంచులు తెగిపోతాయంతే. అయినా పక్షుల ఫొటోలు మొదలుపెట్టేవారికి నా సలహా ఏపీఎస్-సీ వైపే. అదే డబ్బుతో ఫుల్‌ఫ్రేమ్ బాడీ కొని దానికి 70-300 తగిలించుకుని తిరిగేవాళ్ళను చూస్తే జాలేస్తుంది. ఇంటికొచ్చి అంచులు కత్తిరించుకోవచ్చు కదా అంటారు. 24 మెగాపిక్సెల్ ఫొటోలో 400 దృశ్యాన్ని 600 దృశ్యంగా కత్తిరిస్తే మిగిలేది 11 మెగాపిక్సెల్ లోపే. 45 మెగాపిక్సెల్ కెమెరా అయితే 20 మిగులుతుంది, అప్పుడా మాటకు అర్థముంది.

ఇక పోటీలో ఉన్నవి నాలుగు: విడదీయలేని లెన్సుతో వచ్చే సూపర్ జూమ్ కెమెరా, 100-400 జూమ్, 600 దాకా పోయే జూమ్, జూమ్ లేని ప్రైమ్ లెన్సు.

సూపర్ జూమ్ కెమెరాను రెండు ముక్కల్లో తేల్చేయవచ్చు. 2018లో వచ్చిన నికాన్ పీ1000 జూమ్ 125 ఎక్స్, 24 నుంచి 3000 దాకా. అందులో నిజమైన ఫోకల్ లెంగ్త్ చివరికొచ్చేసరికి 539 మిల్లీమీటర్లే. సెన్సర్ వైశాల్యం ఫుల్‌ఫ్రేమ్‌లో సుమారు ముప్పయ్యో వంతు కావడం వల్ల అది 3000లా కనబడుతుంది. మన పాలపిట్టను 20 మీటర్ల నుంచి పూర్తి జూమ్‌తో చూస్తే చట్రంలో పట్టదు, తలో తోకో ఒకటే దక్కుతుంది. మధ్యాహ్నపు వెలుగులో, కదలని పక్షిని, ఏ జాతో గుర్తుపట్టడానికి తీసేవారికి ఇది చవకైన మంచి సాధనం. చెట్ల నీడలోనో సాయంత్రమో ఫొటో నిండా నలుసులు తేలతాయి. ఎగిరే పక్షి వెంట దాని ఫోకస్ పరుగెత్తలేదు.

అసలు తగవు 100-400కూ 600 దాకా పోయే జూమ్‌కూ మధ్య. ఇక్కడ తీర్పు చెప్పేది మీరు వెళ్ళే చోటు.

గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువు గట్టు మీదికో, కొల్లేటి ఒడ్డున ఆటపాకకో, శీతకాలంలో నేలపట్టుకో వెళితే మీ ముందుండేవి గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. గూడబాతు పొడవు మీటరున్నర దాకా ఉంటుంది. 40 మీటర్ల దూరం నుంచి 400 లెన్సుతో తీసినా ఏపీఎస్-సీ సెన్సర్ మీద 14, 15 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే చట్రం ఎత్తంతా అదే. రెక్కలు విప్పి నీటి మీద వాలుతుంటే 600తో ముక్కు దక్కి రెక్క పోతుంది. ఇటువంటి చోట 100-400 రాజ్యం చేస్తుంది. అదే ఊరి పొలిమేరలో తేనెపిట్టలూ లకుముకి పిట్టలూ మీ లక్ష్యమైతే కథ తిరగబడుతుంది. తేనెపిట్ట పది సెంటీమీటర్ల ప్రాణి. ఎనిమిది మీటర్ల దూరంలో 400తో తీస్తే పడేది అయిదు మిల్లీమీటర్లు, 600తో ఏడున్నర. చిన్న పిట్టలకు ఎంత ఉన్నా తక్కువే. దగ్గరికి జరగవచ్చు కదా అంటే, అది ఎగిరిపోతుంది. గూటి దగ్గరైతే జరగనే కూడదు. గుడ్ల మీది పక్షిని లేపి తీసిన ఫొటో ఎంత బాగున్నా నేను దాన్ని మెచ్చుకోను.

పులి కోసం వెళ్ళేవారి లెక్క వేరు. హైదరాబాద్ నుంచి వారాంతంలో బయలుదేరేవారు ఎక్కువగా పట్టేది చంద్రపూర్ దారి, మహారాష్ట్రలోని తాడోబా అడవికి. సఫారీ జీపు జిప్సీలో కూర్చున్నాక మీ స్థానం మీ చేతిలో ఉండదు. పులి 25 మీటర్ల దూరంలో నిలబడితే 600 లెన్సు ఏపీఎస్-సీ కెమెరాలో చూసే వెడల్పు మీటరు. పులి ఒళ్ళు తోక కాకుండానే దాదాపు రెండు మీటర్లు. వెనక్కి తిప్పి 200కు తెస్తే మూడు మీటర్ల వెడల్పు వస్తుంది, పులి పడుతుంది. అంతలో అది నడుచుకుంటూ ఏడు మీటర్ల దగ్గరికి వచ్చేసిందనుకోండి. 200 దగ్గర వెడల్పు 80 సెంటీమీటర్లే, ముఖంతో సరి. 100 దగ్గరైతే 1.6 మీటర్లు, ముఖం వెనక భుజాలూ ఉంటాయి. సఫారీలో మొదటి అంకె విలువ ఇక్కడ తెలుస్తుంది. పైగా సఫారీలు మొదలయ్యేది తెల్లవారుజామున. ఆ వెలుగులో ఎఫ్/6.3 లెన్సు ఐఎస్ఓను (సెన్సర్ సున్నితత్వం, పెరిగితే నలుసులు) ఆకాశానికి ఎక్కిస్తుంది. సోనీ, నికాన్ 100-400లు చివరన ఎఫ్/5.6 ఉంటాయి. తేడా పెద్దదేమీ కాదు గానీ, మబ్బు పట్టిన ఉదయం ఆ కాస్తే అక్కరకొస్తుంది. వెలుగు విషయంలో ఒక చిన్న కొలత గుర్తుంచుకోండి. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ అంకెతో భాగిస్తే ముందరి గాజు కనీసం ఎంత వెడల్పుండాలో తెలుస్తుంది. 400ను 5.6తో భాగిస్తే 71 మిల్లీమీటర్లు. 600ను 6.3తో భాగిస్తే 95, అందుకే ఈ తరహా లెన్సులకు ఫిల్టర్ సైజు 95 అని రాసి ఉంటుంది. 600ను 4తో భాగిస్తే 150. ధర, బరువు ఎక్కడి నుంచి పుట్టుకొస్తాయో ఈ మూడు అంకెల్లోనే ఉంది.

బరువు మాట ఎత్తకుండా లెన్సుల పోలిక పూర్తికాదు. సోనీ 100-400 జీఎం 1.4 కిలోలు, 200-600 ట్రైపాడ్ పట్టీ కాకుండా 2.1 కిలోలు. నికాన్ వారి పాత 200-500 ఎఫ్/5.6 పట్టీతో కలిపి 2.3 కిలోలు. సిగ్మా 150-600 కాంటెంపరరీ రెండు కిలోలకు కాస్త తక్కువ. కాగితం మీద ముప్పావు కిలో తేడాయే కదా అనిపిస్తుంది. రొళ్ళపాడు గడ్డి మైదానంలో కృష్ణజింకల కోసం ఎండలో గంటసేపు నడిచాక, కెమెరా ఎత్తి గురిచూస్తే మోచెయ్యి వణకడం మొదలవుతుంది. 600 దగ్గర ఆ వణుకు ఎంతో పెద్దదై కనబడుతుంది. ఫోకల్ లెంగ్త్ ఎంతో, సెకనులో అంతో వంతు షట్టర్ ఉండాలనే పాత నియమం ప్రకారం ఏపీఎస్-సీ మీద 600కు, 1.5 గుణకం కలిపి, సెకనులో 900వ వంతు కావాలి. లెన్సులోని స్టెబిలైజేషన్ మన చేతి వణుకును ఆపుతుంది, జింక పరుగును ఆపదు. బండి కిటికీలోంచో జిప్సీ కమ్మీ మీదనో తీసేవారికి బీన్ బ్యాగ్ (గింజలు నింపిన సంచి) ఉంటే ఈ బాధ సగం తగ్గుతుంది. నడిచేవారు మాత్రం బరువును ధర కన్నా ముందు చూసుకోవాలి.

100-400 వైపు ఇంకొక మాట, జనం పెద్దగా పట్టించుకోనిది. సోనీ 100-400 మీటరు కన్నా తక్కువ దూరంలో కూడా ఫోకస్ అవుతుంది. 200-600కు 2.4 మీటర్లు కావాలి. పక్షులు మాయమైన మధ్యాహ్నం తూనీగలూ సీతాకోకచిలుకలూ తొండలూ ఉంటాయి. మొదటి లెన్సుతో అవన్నీ మీవే. నికాన్ జెడ్ 180-600 ఈ విషయంలో మధ్యేమార్గం, 180 దగ్గర 1.3 మీటర్లకు ఫోకస్ అవుతుంది.

ప్రైమ్ లెన్సుల జోలికి ఎవరు పోవాలి? మీ దగ్గర 600 జూమ్ ఉండి, ఏడాదిగా తీసిన ఫొటోల వివరాలు కంప్యూటర్‌లో తిరగేస్తే దాదాపు అన్నీ 600 దగ్గరే తీసినట్టు తేలితే, అప్పుడు ఆలోచించవచ్చు. 600 ఎఫ్/4 వెలుగును 6.3 కన్నా రెండున్నర రెట్లు తెస్తుంది. మూడు కిలోల బరువు, పది లక్షలు దాటే ధర కూడా తెస్తుంది. నాకు మనసున్నది 2018లో వచ్చిన నికాన్ 500 ఎఫ్/5.6 పీఎఫ్ మీద. ఒకటిన్నర కిలో లోపు, చేత్తో పట్టుకుని రోజంతా తిరగవచ్చు. పులి దగ్గరికొస్తే మాత్రం కెమెరా దించి కళ్ళతో చూడాల్సిందే. 2020లో కెనాన్ 930 గ్రాములతో 600 ఎఫ్/11 తెచ్చింది. 6.3 లెన్సుకు అందే వెలుగులో మూడో వంతే దానికి అందుతుంది. మిట్టమధ్యాహ్నపు పులికాట్‌కు సరిపోతుంది, తెల్లవారుజాము అడవికి పనికిరాదు.

పులికాట్ అన్నాను గనుక ఒక హెచ్చరిక. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్ళే దారి సరస్సు మధ్యగా పోతుంది. ఫ్లెమింగోలు తరచు వందల మీటర్ల దూరంలో గులాబీ గీతలా ఉంటాయి. 300 మీటర్ల దూరంలోని ఫ్లెమింగో 600 లెన్సుకు మూడు మిల్లీమీటర్లు కూడా పడదు. ఎండెక్కాక నీటి మీద గాలి వేడికి అల్లాడుతుంటుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా పక్షి అంచులు కరిగినట్టు వస్తాయి. టెలికన్వర్టర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య పెట్టి బొమ్మను పెద్దది చేసే గాజు) తగిలిస్తే ఆ అల్లాటం కూడా పెద్దదవుతుంది. 1.4 టెలికన్వర్టర్ 400ను 560 చేస్తుంది, ఎఫ్/5.6ను 8కి దించుతుంది. 100-400 ఉన్నవారు ఉదయపు మంచి వెలుగులో వాడుకోవడానికి బాగుంటుంది. ఇప్పటికే 6.3 ఉన్న లెన్సుకు తగిలిస్తే 9 అవుతుంది, నేనైతే ఆ పని చేయను.

తేల్చి చెప్పమంటే, పిట్టల కోసమే తిరిగేవారికి ఏపీఎస్-సీ కెమెరా మీద 600 దాకా పోయే జూమ్ మేలు. పక్షులూ సఫారీలూ నడకా అన్నీ కలిపి కావలసినవారికి అదే కెమెరా మీద 100-400 మేలు. రెండింటి మధ్య ఊగిసలాడేవారు 100-400తో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో వదిలేసి వెళ్ళే పెద్ద లెన్సు కన్నా భుజాన ఉండే చిన్న లెన్సు ఎక్కువ ఫొటోలు తీస్తుంది. హైదరాబాద్, బెంగళూరుల్లో ఈ లెన్సులు అద్దెకు దొరుకుతాయి. కొనే ముందు రెండు రోజులకు తెచ్చుకుని, మీరు రోజూ వెళ్ళే చెరువు దగ్గరే వాడి చూడండి. పాత లెన్సు కొంటున్నట్టయితే జూమ్ పూర్తిగా ముడిచి కిందికి పట్టి దానంతటది జారుతోందేమో చూడండి. తరువాత వెనక నుంచి మొబైల్ టార్చి వేసి లోపల బూజు ఉందేమో పరికించండి. చాచినప్పుడు గొట్టం బయటికి పొడుచుకొచ్చే రకం దుమ్మును లోపలికి లాక్కుంటుంది. సోనీ 200-600, నికాన్ 180-600 పొడవు మారని రకాలు గనుక వాటితో ఆ బెడద తక్కువ.